నాలుగు వందల మంది రక్తం జిల్లా మొత్తం గురించి ఏమి చెబుతుంది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. జిల్లాలో 400 మంది రక్తం పరీక్షించి లక్షల మంది సంగతి ఎలా చెబుతారన్నది మొదటిది. ముంబయి మురికివాడల్లో 2020 జులైలో 57 శాతం మందికి కనిపించిన కోవిడ్ యాంటీబాడీలు ఆగస్టు సర్వేలో 45 శాతానికి ఎలా తగ్గాయి, ఒకసారి సోకినవాళ్లు సోకనివాళ్లు ఎలా అవుతారన్నది రెండోది. ఇలాంటి సర్వేతో వైరస్ ఎలా వ్యాపిస్తోందో నిజంగా తెలుస్తుందా అన్నది మూడోది. డెంగీ సర్వేల కాలం నుంచి కోవిడ్ దాకా నేను చేసిన పని ఇదే. ఊళ్లలో దగ్గరుండి రక్తం తీయించాను, ల్యాబ్‌లో కూర్చుని ప్లేట్లు చదివాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీ మూడో ప్రశ్నే అసలైనది. మొదటి రెండింటికీ జవాబు తెలియకుండా దాని దగ్గరకు వెళ్లలేం.

గోదావరి వరద తీసిన తర్వాత లంక గ్రామాల్లో ఇళ్ల గోడల మీద మట్టి చార మిగులుతుంది. నీళ్లు వచ్చినప్పుడు ఎవరూ కొలవకపోయినా ఏ వీధిలో ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ చార చూసి చెప్పవచ్చు. యాంటీబాడీ అలాంటి చారే. వైరస్ ఒంట్లోకి వచ్చి వెళ్లాక రక్తంలో మిగిలే ఆనవాలు అది. ఆర్టీపీసీఆర్ పరీక్ష ఈరోజు ముక్కులో, గొంతులో వైరస్ ఉందో లేదో చెబుతుంది. జ్వరం రానివాళ్లు, వచ్చినా పరీక్షకు వెళ్లనివాళ్లు, వెళ్దామన్నా పరీక్ష అందుబాటులో లేనివాళ్లు ఆ లెక్కలోకి రానే రారు. ఐజీజీ రకం యాంటీబాడీలు వైరస్ సోకిన రెండు వారాల తర్వాత కొలిచేంతగా పెరిగి, నెలల తరబడి ఉంటాయి. కాబట్టి సీరో సర్వేలో, అంటే జనం రక్తంలో యాంటీబాడీలు వెతికే సర్వేలో, కనిపించేది ఈరోజు పరిస్థితి కాదు. రెండు మూడు వారాల కిందటి వరకు జరిగినదంతా కలిసి కనిపిస్తుంది.

ఇక నాలుగు వందల సంగతి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి మెతుకు పట్టుకుంటాం. ఇంట్లో గిన్నె అయినా, పెళ్లివంట గుండిగ అయినా పట్టుకునేది నాలుగు మెతుకులే. సర్వేలో కూడా జనాభా ఎంత పెద్దదన్నది దాదాపు లెక్కలోకి రాదు, ఎంతమందిని చూశామన్నదే ముఖ్యం. 400 మందిలో 80 మందికి యాంటీబాడీలు ఉంటే 20 శాతం. అసలు శాతం దానికి అటూ ఇటూ నాలుగు, అంటే 16కూ 24కూ మధ్య ఉంటుందని చాలావరకు నమ్మవచ్చు. జిల్లా జనాభా 20 లక్షలైనా 40 లక్షలైనా ఈ తేడా మారదు.

అయితే మనుషులు గిన్నెలో మెతుకుల్లా కలిసిపోయి ఉండరు. వైరస్ ఒక ఊళ్లో ఇంటింటికీ తిరిగి, పక్క ఊళ్లో అడుగే పెట్టకపోవచ్చు. ఒకే ఊళ్లో 40 మందిని పరీక్షిస్తే నలభై చోట్ల చూసినంత సమాచారం రాదు. ఆ సంగతి ముందే లెక్కవేసుకుని, అటూ ఇటూ నాలుగు అనుకున్నదాన్ని అయిదున్నర, ఆరు అనుకుంటాం. అడుగంటిన చోటి నుంచే మెతుకులన్నీ తీస్తే వంట మొత్తం మాడిందనిపిస్తుంది కదా. అందుకే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 మే, జూన్‌లలో చేసిన మొదటి జాతీయ సర్వేలో 21 రాష్ట్రాల్లో 70 జిల్లాలు తీసుకుని, ఒక్కో జిల్లాలో పది గ్రామాలు లేదా వార్డులు ఎంచుకుని, ఒక్కో చోట 40 మంది పెద్దవాళ్ల నుంచి నమూనాలు సేకరించింది. మొత్తం 28,000 మంది. మీరు విన్న 400 అనే అంకె అలా వచ్చినదే.

మెతుకు ఎక్కడి నుంచి తీశామన్నది గడప దగ్గరే తేలిపోతుంది. ఒక మెట్ట ప్రాంతపు ఊళ్లో జరిగినది చెబుతాను. ఉదయం పదకొండు దాటింది. ముందు ఆశా కార్యకర్త, వెనక ఐస్ ప్యాకులు పెట్టిన పెట్టె పట్టుకుని టెక్నీషియన్, అతని పక్కన నేను. వరుసలో వచ్చిన ఇంట్లో నలుగురు పెద్దవాళ్లున్నారు. వాళ్లలో ఒకరిని ఎంచడానికి వేసిన చీటీలో ఆ ఇంటి అబ్బాయి పేరు వచ్చింది. అతను ఇటుకల ట్రాక్టరు తోలుకుని వెళ్లాడు, రాత్రికి గాని రాడు. వాళ్లమ్మ అరుగు మీద కూర్చుని చేయి చాపి, "వాడి బదులు నాది తీసుకోండి నాయనా, ఏ రక్తమైనా రక్తమే కదా" అన్నారు. టెక్నీషియన్ అప్పటికే రబ్బరు పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. నేను ఆపాను. "మీరు కాదు పెద్దమ్మా, మీ అబ్బాయి పేరు వచ్చింది. రేపు తెల్లవారుజామున వస్తాం, అతన్ని లేపి ఉంచండి" అని చెప్పి వచ్చేశాం. మర్నాడు అయిదున్నరకు, ఇంకా మసక చీకటిగా ఉండగానే, టార్చిలైటు పట్టుకుని అతని చేతి నుంచి రక్తం తీశాం.

అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. వైరస్ ఊళ్లోకి వచ్చేది అతనిలాంటివాళ్ల వెంటే. పగటిపూట ఇంట్లో దొరికేది వృద్ధులు, చంటిపిల్లల తల్లులు. వాళ్ల రక్తమే తీసుకుని వస్తే ఆ ఊళ్లో వైరస్ అసలు కంటే తక్కువ కనిపిస్తుంది. పట్నంలో ఇబ్బంది మరో రకం. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే కాపలా మనిషి ఆపుతాడు, పైకి ఫోను చేస్తే వద్దంటారు. తలుపు తీయని ఇళ్లు ఎక్కువైతే మనకు తెలిసేది తలుపు తీసినవాళ్ల సంగతి మాత్రమే. ఇంకోవైపు, పిలవకుండానే ఎదురొచ్చేవాళ్లు ఉంటారు. "నాకు మొన్న వారం రోజులు జ్వరం, వాసన తెలియలేదు, నాకూ చేయండి" అని బతిమాలతారు. కాదనడం కష్టంగానే ఉంటుంది. కానీ వాళ్లను లెక్కలో కలిపితే శాతం పెరిగిపోతుంది. అందుకే ఏ సర్వే నివేదిక చేతికొచ్చినా నేను మొదట వెతికేది ఎన్ని గడపలు తొక్కితే ఎంతమంది ఒప్పుకున్నారన్న అంకె. పైన చెప్పిన జాతీయ సర్వేలో 30,283 ఇళ్లకు వెళ్తే 28,000 మంది రక్తం ఇచ్చారు. లాక్‌డౌన్ రోజుల్లో, ముఖాలకు మాస్కులు కట్టుకుని వచ్చిన అపరిచితులకు అంతమంది చేయి అందించారంటే ఆ సిబ్బంది ఎంత ఓపికగా మాట్లాడి ఉంటారో నేను ఊహించగలను.

గడప దాటాక రెండో గండం పరీక్షే. ఏ కిట్ అయినా రెండు రకాలుగా తప్పు చేస్తుంది. సోకినవారిలో కొందరిని వదిలేస్తుంది, సోకనివారిలో కొందరిని సోకినవారంటుంది. వైరస్ ఇంకా తక్కువమందికే సోకిన రోజుల్లో ఈ రెండో తప్పు సర్వేను పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. లెక్క చూడండి. వెయ్యి మందిలో నిజంగా పదిమందికే సోకిందనుకుందాం. కిట్ సోకినవారిలో నూటికి 90 మందిని పట్టుకుంటుంది, సోకనివారిలో నూటికి ఒక్కరిని మాత్రమే తప్పుగా పాజిటివ్ అంటుంది. వినడానికి మంచి కిట్టే. ఆ పదిమందిలో తొమ్మిదిమంది దొరుకుతారు. మిగతా 990 మందిలో నూటికొకరు చొప్పున మరో పదిమంది పాజిటివ్‌గా వస్తారు. మొత్తం 19, అందులో సగానికి పైగా అబద్ధం. మనం ఒక శాతమని చెప్పవలసిన చోట దాదాపు రెండు శాతమని చెబుతాం. అదే కిట్‌ను సగం మందికి సోకిన ఊళ్లో వాడితే 450 మంది నిజమైనవాళ్లు, అయిదుగురు మాత్రమే తప్పు. కిట్ మారలేదు, ఊరు మారింది.

2020 ఏప్రిల్‌లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో జరిగిన సర్వే దీనికి మంచి ఉదాహరణ. ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చి పిలిస్తే వచ్చిన 3,330 మందిని పరీక్షించారు. 50 మందికి పాజిటివ్, అంటే 1.5 శాతం. దాని ఆధారంగా అధికారిక కేసుల కంటే ఎన్నో రెట్లమందికి సోకిందని, కాబట్టి వైరస్ అనుకున్నంత ప్రాణాంతకం కాదని వాదనలు బయలుదేరాయి. ఆ కిట్‌ను సోకలేదని కచ్చితంగా తెలిసిన 401 నమూనాల మీద పరీక్షిస్తే రెండు తప్పు వచ్చాయి. చూడటానికి అర శాతమే. కానీ 401లో రెండు అన్నప్పుడు కిట్ అసలు తప్పు రేటు 0.1 శాతం కావచ్చు, 1.8 శాతం దాకానూ ఉండవచ్చు. 1.8 అయితే ఆ 50 మందిలో ఒక్కరికీ వైరస్ సోకి ఉండనక్కర్లేదు. పైగా ప్రకటన చూసి వచ్చినవాళ్లు. గడప దగ్గరి తప్పు, కిట్ తప్పు రెండూ ఒకే దిక్కుకు తోసిన సర్వే అది.

మన మొదటి జాతీయ సర్వేలో తేలినది 0.73 శాతం. ఇంత చిన్న అంకెను నమ్మాలంటే జాగ్రత్త కావాలి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ రూపొందించిన కోవిడ్ కవచ్ అనే ఎలీసా కిట్‌తో (యాంటీబాడీ ఉంటే రంగు మారే పరీక్ష ఎలీసా) ముందు పరీక్షించి, పాజిటివ్ వచ్చినవాటిని మరో కంపెనీ కిట్‌తో మళ్లీ చూశారు. రెండు కిట్లూ ఒకే నమూనా మీద పొరపడటం అరుదు కనుక తప్పుడు పాజిటివ్‌లు చాలావరకు రాలిపోతాయి. ఆ తర్వాత మిగిలిన పొరపాటును లెక్కకట్టి తీసేయడానికి సూత్రం ఉంది. వచ్చిన శాతంలోంచి కిట్ తప్పుగా చేర్చే శాతాన్ని తీసివేసి, కిట్ వదిలేసేవారికి సరిపడా పెంచుతాం. పై ఉదాహరణలో 1.9 శాతం ఆ సూత్రంలో పెడితే సరిగ్గా ఒక శాతం దగ్గరకు వస్తుంది. కిట్ గుణం తెలియకుండా ఈ దిద్దుబాటు చేయలేం. అందుకే ల్యాబ్‌లలో 2019కి ముందు తీసి దాచిన పాత సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే తేట) సీసాలు మాకు బంగారంతో సమానమయ్యాయి. ఆ రక్తంలో ఈ వైరస్ యాంటీబాడీ ఉండే అవకాశమే లేదు. కిట్ దాన్ని పాజిటివ్ అంటే తప్పు కిట్‌దే.

ఎలీసా ప్లేటును ఎప్పుడూ చూడనివారి కోసం ఒక మాట. అరచేతికి కాస్త పెద్దదైన ప్లాస్టిక్ పలక, దాని మీద ఎనిమిది వరుసల్లో పన్నెండేసి చొప్పున 96 చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి సీరం. రంగు ద్రావణం పోశాక యాంటీబాడీ ఉన్న గుంట నెమ్మదిగా నీలంగా మారుతుంది, ఆమ్లం వేయగానే ఆ నీలం చటుక్కున పసుపవుతుంది. ఒకరోజు సాయంత్రం నా ముందున్న ప్లేటులో అంచు వరుసలన్నీ లేత పసుపుగా ఉన్నాయి. నెగెటివ్ అని ముందే తెలిసిన రెండు గుంటలూ అందులో ఉన్నాయి, అవీ పసుపే. లోపలి గుంటలు మాత్రం తేటగా ఉన్నాయి. ప్లేటును వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టినప్పుడు దాని పైమూత సరిగా పడక అంచు గుంటలు ఆరిపోయాయి. ఫలితాలు ఆ రాత్రికే పంపాలని పైనుంచి ఒత్తిడి. లోపలి గుంటల అంకెలు తీసుకుని అంచువాటిని వదిలేద్దామని ఒకరన్నారు. మొత్తం ప్లేటు పారేసి, దాచిన రెండో సీసాల్లోంచి సీరం తీసి మర్నాడు మళ్లీ చేశాం. నెగెటివ్ గుంట పసుపైతే ఆ పలక మీద దేన్నీ నమ్మకూడదు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్నకు వద్దాం. సీరో సర్వేలో ఒంటరి శాతం చెప్పేది చాలా తక్కువ. పక్కపక్కన పెట్టిన రెండు శాతాల మధ్య తేడాలోనే వైరస్ నడిచిన దారి కనిపిస్తుంది.

ముంబయి చూడండి. 2020 జులైలో నగరపాలక సంస్థ, నీతి ఆయోగ్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కలిసి మూడు వార్డుల్లో చేసిన సర్వేలో మురికివాడల్లో 57 శాతం, వాటిని ఆనుకునే ఉన్న ఇతర ఇళ్లలో 16 శాతం వచ్చింది. ఒకే వార్డు, ఒకే రోజులు, ఒకే లాక్‌డౌన్. తేడా ఎక్కడుంది? ఒక గదిలో ఆరుగురు, పది కుటుంబాలకు ఒక మరుగుదొడ్డి ఉన్నచోట దూరం పాటించండి అన్న మాటకు అర్థం లేదు. కేసుల లెక్కలో ఇంత తేడా కనిపించదు, ఎందుకంటే పరీక్షకు వెళ్లగలిగినవాళ్లే కేసుగా నమోదవుతారు. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరులలో జరిగిన రెండో జాతీయ సర్వేలోనూ అదే వాలు కనిపించింది. పట్టణ మురికివాడల్లో 15.6 శాతం, ఇతర పట్టణ ప్రాంతాల్లో 8.2, గ్రామాల్లో 4.4.

మన దగ్గరకు వస్తే, ఐసీఎంఆర్ సర్వేల్లో తెలంగాణ నుంచి జనగామ, కామారెడ్డి, నల్గొండ జిల్లాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాటిని చూసింది. 2020 మేలో 0.33 శాతం, ఆగస్టులో 12.5, డిసెంబరులో 24.1, 2021 జూన్‌లో 60.1. ఈ నాలుగు అంకెలను ఒక గీతగా గీస్తే మే నుంచి ఆగస్టు మధ్య ఏమి జరిగిందో కనిపిస్తుంది. వైరస్ నగరం దాటి జిల్లాలకు చేరింది. డిసెంబరు అంకె పక్కన మరో అంకె పెట్టండి. 2021 జనవరి, ఫిబ్రవరిలలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాద్‌లో 30 వార్డుల్లో 9,000 మందికి పైగా చేసిన సర్వేలో 54.2 శాతం వచ్చింది. జిల్లాల్లో నలుగురిలో ఒకరు, రాజధానిలో సగానికి పైగా. యాంటీబాడీలు ఉన్నవారిలో 75 శాతం మందికి తమకు వైరస్ సోకిందని తెలియనే తెలియదు. నా దృష్టిలో ఆ సర్వేలో అన్నిటికంటే విలువైన అంకె ఈ 75. దగ్గు, జ్వరం ఉన్నవారిని మాత్రమే వేరుగా ఉంచితే వ్యాప్తి ఎందుకు ఆగలేదో దాంతో అర్థమవుతుంది.

కేరళ సంగతి ఇంకా లోతైనది. 2021 జులైలో దేశంలో రోజూ నమోదవుతున్న కొత్త కేసుల్లో చాలా పెద్ద భాగం ఆ ఒక్క రాష్ట్రానిదే. కేరళ చేతులెత్తేసిందని చాలామంది రాశారు. అప్పుడే నాలుగో జాతీయ సర్వే ఫలితాలు వచ్చాయి. దేశం మొత్తంమీద 67.6 శాతం మందికి యాంటీబాడీలు. మధ్యప్రదేశ్‌లో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70.2, కేరళలో 44.4. అంటే కేరళలో వైరస్ ఇంకా తాకనివాళ్లు, టీకా అందనివాళ్లు సగానికి పైగా మిగిలి ఉన్నారు, వాళ్లకు అప్పుడు సోకుతోంది. మిగతా రాష్ట్రాల్లో ఆ మంట ముందే మండి తగ్గిపోయింది. పైగా కేరళ తన దగ్గర సోకినవారిలో ఎక్కువ శాతాన్ని పరీక్షల్లో పట్టుకుంటోంది. కేసులు ఎక్కువ కావడం, వ్యాప్తి ఎక్కువ కావడం ఒకటి కాదని అంత స్పష్టంగా చూపిన సందర్భం నాకు మరొకటి గుర్తు లేదు. కేసుల లెక్క ఎంత వెనకబడిందో కూడా సీరో సర్వేతోనే కొలుస్తాం. 2020 మే నాటికి నమోదైన ఒక్కో కేసుకు 82 నుంచి 130 మందికి సోకి ఉంటుందని మొదటి జాతీయ సర్వే అంచనా వేసింది. పరీక్షలు పెరిగాక, రెండో సర్వేలో అది 26 నుంచి 32కు తగ్గింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ముంబయిలో 57 ఎలా 45 అయింది? గోడమీద చార వానకు వెలుస్తుంది, అంతమాత్రాన వరద రాలేదని కాదు. యాంటీబాడీల మోతాదు కాలంతో తగ్గుతుంది. కిట్ ఒక గీత పెట్టుకుంటుంది, ఆ గీత కిందికి దిగినవారిని నెగెటివ్ అంటుంది. వైరస్ లోపలి భాగమైన న్యూక్లియోక్యాప్సిడ్ ప్రొటీన్‌కు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలను కొలిచే కొన్ని కిట్లలో ఈ తగ్గుదల త్వరగా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లోనే సోకిన మురికివాడల్లో ఆగస్టుకల్లా చాలామంది ఆ గీత కిందికి జారి ఉంటారు. రెండుసార్లూ వేర్వేరు మనుషులను పరీక్షించారన్నదీ మరిచిపోకూడదు. అదే ఆగస్టులో మురికివాడలు కాని చోట్ల 16 శాతం 18 అయింది, అక్కడ వైరస్ ఆలస్యంగా చేరి ఉంటుంది.

ఈ వెలిసిపోవడాన్ని దిద్దబోయి ఎంత పెద్ద అంచనాకు వెళ్లవచ్చో బ్రెజిల్‌లోని మనౌస్ నగరం చూపింది. రక్తదాతల నమూనాలను పరీక్షించి, తగ్గిన యాంటీబాడీలను లెక్కలో కలుపుకుంటే 2020 అక్టోబరు నాటికి అక్కడ 76 శాతం మందికి సోకి ఉంటుందని పరిశోధకులు అంచనా వేశారు. అంతమందికి సోకితే ఇక వ్యాధి ఆగిపోతుందని చాలామంది నమ్మారు. 2021 జనవరిలో మళ్లీ విజృంభించి ఆసుపత్రుల్లో ఆక్సిజన్ అయిపోయింది. రక్తదాతలు నగరం మొత్తానికి ప్రతినిధులు కారన్న అనుమానం ఒకటి, కొత్త రకం వైరస్ రావడం మరొకటి. మనకు అదే పాఠం ఢిల్లీలో వచ్చింది. 2021 జనవరి సర్వేలో అక్కడ 56.13 శాతం. ఏప్రిల్‌లో డెల్టా రకంతో ఏమి జరిగిందో దేశమంతా చూసింది. ఆ జనవరి అంకె తప్పు కాదు. ఆ అంకె నుంచి "ఇక భయం లేదు" అనే మాటను లాగినవాళ్లదే తప్పు. యాంటీబాడీ ఉన్నవారి శాతం గతం గురించి చెబుతుంది. రాబోయే వైరస్ ఎలాంటిదో దానికి తెలియదు.

టీకాలు వచ్చాక పని మరింత చిక్కుపడింది. కోవిషీల్డ్ వల్ల వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రొటీన్‌కు మాత్రమే యాంటీబాడీలు వస్తాయి. అది వేసుకున్నవారిలో న్యూక్లియోక్యాప్సిడ్ యాంటీబాడీలు కనిపిస్తే ఆ మనిషికి వైరస్ సోకిందని చెప్పవచ్చు. కానీ కోవాగ్జిన్ చంపిన వైరస్ మొత్తంతో తయారైనది, దానితో రెండు రకాలూ వస్తాయి. అందుకే సర్వేలో టీకా వివరాలు సరిగా రాసుకోవడం రక్తం తీయడమంత ముఖ్యమైంది. నాలుగో జాతీయ సర్వేలో టీకా వేసుకోనివారిలో 62.3 శాతం, ఒక డోసు వేసుకున్నవారిలో 81, రెండు డోసులవారిలో 89.8 శాతమని విడివిడిగా చెప్పగలిగారంటే ఆ రాతపని వల్లే. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో అప్పటికే 57.2 శాతం ఉంది. టీకా అందని, నెలల తరబడి బడికి వెళ్లని పిల్లలు వాళ్లు. వైరస్ వాళ్ల దగ్గరకు చాలావరకు ఇంట్లో పెద్దల ద్వారానే వచ్చి ఉంటుంది.

వయసు మాట వచ్చింది కాబట్టి డెంగీ గురించి చెప్పాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. కొత్త వైరస్ వస్తే పదే పదే సర్వేలు చేసి దాని దారి చూస్తాం. ఏళ్ల తరబడి మన మధ్య ఉన్న వైరస్‌కు ఒక్క సర్వే చాలు, వయసుల వారీగా చూస్తే. పదేళ్ల పిల్లవాడి రక్తంలో గత పదేళ్ల చరిత్ర ఉంటుంది, నలభై ఏళ్ల మనిషిలో నలభై ఏళ్లది. ఐసీఎంఆర్ 2017-18లో 15 రాష్ట్రాల్లో 5 నుంచి 45 ఏళ్లవారు 12,300 మందిని డెంగీకి పరీక్షించింది. మొత్తం 48.7 శాతం. దక్షిణాదిలో 76.9, ఈశాన్యంలో 5. వయసుల వారీగా చూస్తే 5-8 ఏళ్లలో 28.3 శాతం, 9-17లో 41, 18-45లో 56.2.

చిన్నపిల్లల అంకె నుంచి మొదలుపెడదాం. సగటున ఆరున్నరేళ్లకు 28 శాతం మందికి సోకిందంటే, ఏటా ఇంకా సోకని ప్రతి నూరుమందిలో సుమారు అయిదుగురికి సోకుతున్నట్టు. ఇదే వేగం ఎప్పటినుంచో ఉంటే 18-45 ఏళ్లవారిలో, సగటున ముప్పై ఏళ్లనుకుంటే, 80 శాతం దాకా ఉండాలి. ఉన్నది 56. అయితే వాళ్ల చిన్నతనంలో డెంగీ ఇంత వేగంగా తిరగలేదన్నమాట. ఆసుపత్రి రికార్డులు లేకపోయినా గత ముప్పై ఏళ్లలో డెంగీ పెరిగిందని రక్తమే సాక్ష్యం చెబుతోంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈశాన్యం, దక్షిణం వంటి పూర్తిగా వేర్వేరు ప్రాంతాలను ఒకే కుండలో పోసినా గీత ఇలాగే వంగుతుంది. తక్కువ సోకే ప్రాంతాల పెద్దలు సగటును కిందికి లాగుతారు. కాబట్టి ఈ లెక్కను ప్రాంతాల వారీగా విడదీసి చేయాలి. డెంగీ కిట్లు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ యాంటీబాడీలను చూసి కూడా మోసపోతాయి, రెండూ ఒకే కుటుంబపు వైరస్‌లు. ఆ వ్యాధి ఉన్న జిల్లాల్లో అంకెను మరింత అనుమానంగా చూస్తాం.

ఈ లెక్క కాగితం మీది కసరత్తు కాదు. డెంగ్‌వాక్సియా అనే టీకాను ఇదివరకు డెంగీ సోకనివారికి ఇస్తే, తర్వాత నిజంగా సోకినప్పుడు జబ్బు తీవ్రమయ్యే ప్రమాదం ఉందని 2017లో తేలింది. అలాంటి టీకా ఒక జిల్లాలో తొమ్మిదేళ్ల పిల్లలకు ఇవ్వవచ్చా లేదా అన్నది ఆ వయసులో ఎంతమందికి అప్పటికే సోకిందన్నదాని మీద ఆధారపడుతుంది. సర్వే తప్పైతే నష్టపోయేది పిల్లలు.

వయసు గీత ఎప్పుడూ వాలుగానే ఉండదు, ఒక్కోసారి మెట్టులా ఉంటుంది. చికున్‌గున్యా 1963లో కలకత్తాలో, 1964లో మద్రాసులో, 1965లో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడలలో చెలరేగింది. 1973 తర్వాత దేశంలో దాదాపు కనిపించకుండా పోయి, 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ మొదలైంది. కీళ్లు పట్టేసి మంచం దిగలేకపోయిన ఆ ఏడాది మన పల్లెల్లో ఎవరూ మరిచిపోలేదు. అలాంటి ఊళ్లో వయసుల వారీగా చూస్తే 2006 తర్వాత పుట్టినవారిలో యాంటీబాడీలు తక్కువగా, అంతకు ముందు పుట్టినవారిలో ఒక్కసారిగా ఎక్కువగా ఉండాలి. మెట్టు ఏ వయసు దగ్గర ఉందో చూస్తే వరద ఏ ఏడాది వచ్చిందో తెలుస్తుంది. వాలు అయితే ఏటా కొంచెం కొంచెంగా సోకుతున్నట్టు.

చివరగా, మీరు అడగకపోయినా చాలామంది అడిగే విషయం. "సర్వేలో నాకు పాజిటివ్ వచ్చింది, ఇక నాకు రాదు కదా?" సర్వే పరీక్ష జనాభా కోసం చేసేది. ఒక మనిషికి రక్షణ ఉందా లేదా అన్నది ఆ అంకె తేల్చదు. నెగెటివ్ వచ్చినవారికి సోకలేదనీ కాదు, పాజిటివ్ వచ్చినవారికి మళ్లీ సోకదనీ కాదు. ఆ ఫలితం చూసి టీకా మానకండి.

ట్రాక్టరు అబ్బాయి రక్తం తీసినప్పుడు వాళ్లమ్మ "ఇంత రక్తం ఏమి చేసుకుంటారు నాయనా" అని అడిగారు. పరీక్షకు కొన్ని చుక్కలే కావాలి, మిగిలిన సీరం ఒప్పుకున్నవారిది చిన్న సీసాల్లో పోసి మైనస్ 80 డిగ్రీల్లో దాస్తామని చెప్పాను. 2017-18లో డెంగీ కోసం దేశమంతా తిరిగి తీసిన రక్తాన్ని అలాగే దాచారు. తర్వాత వాటినే చికున్‌గున్యాకు పరీక్షించారు. దేశంలో 18.1 శాతం, దక్షిణాదిలో 43.1 శాతం అన్న అంకెలు అలా తేలాయి. వాటి కోసం కొత్తగా ఎవరి చేతికీ సూది గుచ్చలేదు.